ముహూర్తం ఫోటోల్లో గ్రెయిన్స్, ఊదా ముఖాలు: బాగుచేసే దారి ఉందా?

కోనసీమ కుర్రాడు · ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

పోయిన వారం మా మేనమామ కూతురి పెళ్లి. అమలాపురం దగ్గర పల్లెటూరు, ఇంటి ముందే పందిరి, ముహూర్తం తెల్లవారుజామున 2:40కి. ఫోటోలకి స్టూడియో వాళ్లని మాట్లాడారు. నేను సరదాకి నా కెమెరా పట్టుకెళ్లానంతే. సరిగ్గా జీలకర్ర బెల్లం పెట్టే వేళకి చుట్టాలంతా ఫోన్లు పైకెత్తి మండపం మీదికి ఎగబడ్డారు. స్టూడియో అతని ఫ్రేములో మూడు ఫోన్లు, ఎవరిదో మోచెయ్యి తప్ప ఏమీ పడలేదు. నేను అవతల అరుగెక్కి నిలబడ్డాను కాబట్టి నాకు మాత్రం శుభ్రంగా దొరికింది. ఇప్పుడు ఆల్బమ్‌లో నా ఫోటోనే వెయ్యాలంటున్నారు, అదీ రెండు పేజీలకీ పరిచి.

ఆ ఫోటో చూస్తే నాకే ఏడుపొస్తోంది. 24 మెగాపిక్సెల్ క్రాప్ సెన్సర్ కెమెరా, 18-55 కిట్ లెన్స్, ఐఎస్ఓ 6400, లెన్స్ తెరుపు ఎఫ్/5.6, షట్టర్ 1/320 సెకను. ముఖాలు చీకటిగా ఉన్నాయని బ్రైట్‌నెస్ పెంచితే చెంపల నిండా ఎర్రవీ ఆకుపచ్చవీ మచ్చలు లేచాయి. మధుపర్కాలు గులాబీ రంగులో ఉన్నాయి. ఇంకో ఇరవై ఫోటోల్లో మనుషులే ఊదా రంగులో ఉన్నారు, డెకరేషన్ వాళ్లు వెనక పార్ లైట్ల (స్టేజీకి పెట్టే రంగు ఎల్‌ఈడీలు) రంగులు మారుస్తూనే ఉన్నారు. కొన్నింట్లో అడ్డంగా చారలు కూడా పడ్డాయి. రా (సెన్సర్ నుంచి వచ్చింది వచ్చినట్టే దాచే ఫైలు), జేపెగ్ రెండూ ఉన్నాయి. ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి, ఏ స్లైడర్ ఎంత పెట్టాలి, చెప్పండి ప్లీజ్.

సుత్తి వద్దు · ఆదివారం, రాత్రి 9:20

రా ఉందిగా, బతికిపోయావ్.

ఆల్బమ్ బాబాయ్ · ఆదివారం, రాత్రి 10:45

తమ్ముడూ, స్లైడర్ నంబర్లు తర్వాత. ముందు ఆ మచ్చలు ఎందుకొచ్చాయో తెలిస్తే సగం పని అయిపోతుంది. నేను బెజవాడలో ఇరవై ఏళ్లుగా ఆల్బమ్‌లు డిజైన్ చేస్తున్నాను. నా టేబుల్ మీదికొచ్చే ఫైళ్లలో సగం ఇలాంటివే.

వాన మొదలైనప్పుడు వాకిట్లో వరసగా గిన్నెలు పెట్టావనుకో. నాలుగు చినుకులు పడగానే చూస్తే ఒక గిన్నెలో మూడు, పక్కదాంట్లో తొమ్మిది, ఇంకోదాంట్లో ఒకటి ఉంటాయి. గంటసేపు కురిశాక చూస్తే అన్నింట్లోనూ ఇంచుమించు సమానంగా ఉంటాయి. వెలుగు కూడా సెన్సర్ మీద చినుకుల్లాగే పడుతుంది. ఒక పిక్సెల్‌లో సగటున 100 కాంతి కణాలు పడే చోట 10 అటూ ఇటూ అవుతుంది, అంటే పదోవంతు తేడా. 10,000 పడే చోట 100 అటూ ఇటూ, అంటే నూరోవంతే. నీ ఫోటోలో గ్రెయిన్స్ అంటున్నది ఇదే. కెమెరా చెడిపోలేదు, వెలుగు చాల్లేదు. ఐఎస్ఓ పెంచితే వెలుగు పెరగదు, ఉన్న కొంచెం వెలుగుతో పాటు ఆ హెచ్చుతగ్గులు కూడా పెద్దవై కనిపిస్తాయి.

మరి రంగు మచ్చలెందుకు? సెన్సర్‌కి సొంతంగా రంగు తెలియదు. దాని మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం అద్దాల గళ్లు ఉంటాయి. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ వేసిన అమరిక అది, 1976లో పేటెంట్ వచ్చింది. ప్రతి నాలుగు గళ్లలో రెండు ఆకుపచ్చవి, ఎరుపు ఒకటి, నీలం ఒకటి. పసుపుపచ్చ బల్బు కింద తీస్తే నీలం గడికి వెలుగు దాదాపు అందదు. తెలుపు తెల్లగా రావాలని వైట్ బ్యాలెన్స్ ఆ నీలాన్ని రెండు రెట్లకు పైగా లాగుతుంది, నీలంలో ఉన్న చెత్తంతా దానితోపాటే పైకొస్తుంది. గ్రెయిన్స్ వేరు, రంగు వేరు అనుకుని నువ్వు రెండు జబ్బులకి రెండు మందులు అడుగుతున్నావు. ఉన్నది ఒకటే జబ్బు.

అందుకే వరస తప్పొద్దు. రా ఫైల్ తెరువు. ముందు వైట్ బ్యాలెన్స్, తర్వాత ఎక్స్‌పోజర్, ఆ తర్వాత నాయిస్ (ఈ గ్రెయిన్స్‌కీ మచ్చలకీ సాఫ్ట్‌వేర్‌లో ఉండే పేరు), అన్నిటికంటే చివర షార్ప్‌నెస్. షార్ప్‌నెస్ ముందు పెట్టావంటే గ్రెయిన్స్‌కి కూడా పదును పెట్టినట్టే.

టెక్సాస్ తెలుగోడు · సోమవారం, ఉదయం 7:05

బాబాయ్ గారు చెప్పినదానికి చిన్న చేర్పు. నాయిస్‌లో రెండు రకాలు విడదీసి చూడాలి. ఒకటి వెలుగు తేడా, ఇసక చల్లినట్టు నలుపూ తెలుపూ చుక్కలుగా ఉంటుంది. రెండోది రంగు తేడా, ఎరుపూ ఆకుపచ్చా మరకలుగా ఉంటుంది. మన కన్ను మొదటిదాన్ని ఓర్చుకుంటుంది, రెండోదాన్ని ఓర్చుకోదు. పైగా రంగు విషయంలో కంటికి సూక్ష్మంగా చూసే శక్తి తక్కువ. కాబట్టి రంగు నాయిస్‌ని గట్టిగా తుడిచినా పోయేది తక్కువ. వెలుగు నాయిస్‌ని గట్టిగా తుడిస్తే మాత్రం ముఖం మైనపు బొమ్మ అవుతుంది.

లైట్‌రూమ్‌లో అయితే రా ఫైళ్లకి కలర్ స్లైడర్ మామూలుగానే 25 దగ్గర ఉంటుంది. మచ్చలు పోయేదాకా 40, 50 వరకు పెంచు. ల్యూమినెన్స్, అంటే వెలుగు నాయిస్ స్లైడర్, 15, 20 దాటకుండా మొదలుపెట్టు. డబ్బు పెట్టొద్దనుకుంటే డార్క్‌టేబుల్ ఉచితం, నేను పదేళ్లుగా అదే వాడుతున్నాను. అందులో కెమెరా మోడల్‌ని బట్టి ఏ ఐఎస్ఓకి ఎంత నాయిస్ ఉంటుందో ముందే కొలిచి పెట్టిన మాడ్యూల్ ఉంది, డీనాయిజ్ ప్రొఫైల్డ్ అని. ఆన్ చేస్తే చాలావరకు అదే చూసుకుంటుంది.

జేపెగ్‌ని మాత్రం ముట్టుకోకు. 8 బిట్లంటే ఒక్కో రంగుకి 256 మెట్లే. చీకట్లో ఉన్న ముఖానికి అందులో కొన్నే దక్కుతాయి. 14 బిట్ల రా ఫైల్లో మొత్తం 16,384 ఉంటాయి.

ఫోన్ చాలు · సోమవారం, ఉదయం 8:30

ఇదంతా చదివితే నవ్వొస్తోంది అన్నా. మొన్న మా ఊరి జాతరలో అర్ధరాత్రి నా ఫోన్‌తో తీశాను, ఒక్క గ్రెయిన్ లేదు. లక్ష పెట్టి కెమెరా కొని ఈ తిప్పలెందుకు?

టెక్సాస్ తెలుగోడు · సోమవారం, ఉదయం 8:52

మీ ఫోన్ తీసింది ఒక ఫోటో కాదండీ, బోలెడు. గబగబా వరసగా తీసి, ఒకదాని మీద ఒకటి సరిగ్గా పేర్చి, సగటు లాగుతుంది. గూగుల్ 2018లో నైట్ సైట్ తెచ్చాక అలాంటి మోడ్ చాలా ఫోన్లలోకి పాకింది. నాలుగు ఫ్రేముల సగటు తీస్తే నాయిస్ సగమవుతుంది, తొమ్మిది తీస్తే మూడోవంతు, పదహారు తీస్తే నాలుగోవంతు. బాబాయ్ గారి వాన లెక్కే, చినుకులు ఎక్కువసేపు పట్టినట్టు. కదిలే మనుషుల దగ్గరే దానికి కష్టం. మీ జాతర ఫోటోలో డప్పు కొట్టేవాళ్ల చేతులు ఒకసారి పెద్దది చేసి చూడండి.

ఫోన్ చాలు · సోమవారం, ఉదయం 9:03

చూశాను. డప్పు పుల్లకి రెండు కొసలున్నాయి. సరే, ఒప్పుకున్నా.

టెక్సాస్ తెలుగోడు · సోమవారం, ఉదయం 9:10

అన్నట్టు కోనసీమ తమ్ముడూ, జీలకర్ర బెల్లం పెట్టాక వెంటనే చెయ్యి తియ్యరు కదా, కాసేపు అలాగే ఉంచుతారు. అప్పుడు వరసగా ఎన్ని తీశావు?

కోనసీమ కుర్రాడు · సోమవారం, మధ్యాహ్నం 1:15

నాలుగు అండీ! ఒకే చోట నిలబడి తీసినవే. కానీ రెండోదాంట్లో లైటు రంగు మారింది, మూడోదాంట్లో పెళ్లికొడుకు రెప్ప వేశాడు.

టెక్సాస్ తెలుగోడు · సోమవారం, సాయంత్రం 6:40

పంట పండింది. నాలుగింటికీ విడివిడిగా వైట్ బ్యాలెన్స్ సరిచేసి, రంగులు కలిశాక 16 బిట్ టిఫ్‌లుగా తియ్యి. గింప్‌లో గానీ ఫోటోషాప్‌లో గానీ పొరలుగా పేర్చు. అన్నిటికంటే కింది పొర ఒపాసిటీ (కింది పొరని ఎంత కప్పాలన్న శాతం) 100, దాని పైది 50, ఆపైది 33, అన్నిటికంటే పైది 25. అంతే, నాలుగింటికీ సమానమైన సగటు వచ్చేస్తుంది. ఫోటోషాప్‌లో అయితే ముందే ఆటో అలైన్ చేసుకో. అరుగు మీద నిలబడ్డా చెయ్యి ఒక్క పిక్సెల్ కదలకుండా ఉండదు.

తర్వాత మాస్క్ (మార్పు ఎక్కడ పడాలో గీసి చెప్పేది) వేసి ముఖాలూ చేతులూ ఉన్న చోట మాత్రం మొదటి ఫ్రేమునే ఉంచు. చీర, మండపం, వెనకున్న జనం, చీకటి ఆకాశం, వీటికి సగటు వాడు. నాయిస్ కొట్టొచ్చినట్టు కనపడేది ఆ నున్నటి చీకటి భాగాల్లోనే.

కొల్లేటి కొంగ · సోమవారం, రాత్రి 8:25

నేను పెళ్లిళ్లు తీయను, పక్షులే. అయినా కొల్లేరు దగ్గర ఆటపాకలో తెల్లారకముందు గూడబాతుల్ని తీసేవాళ్లకి ఐఎస్ఓ 6400 రోజువారీ భోజనం లాంటిది, అందుకని నోరు విప్పుతున్నాను.

2023 ఏప్రిల్లో లైట్‌రూమ్‌లోకి ఏఐ డీనాయిజ్ వచ్చింది కదా, దాని సంగతి ఎవరూ ఎత్తలేదేం? రా ఫైల్ మీద ఒక్క నొక్కు. నా పాత ఫోటోల్లో పారేద్దామనుకున్నవి ఎన్నో బతికాయి. డీఎక్స్‌ఓ వాళ్ల డీప్‌ప్రైమ్ అంతకంటే ముందే, 2020లోనే ఉంది.

కానీ కళ్లు మూసుకుని నమ్మకండి. మొదటిసారి నేను 50 దగ్గరే వదిలేసి, బాగుందని ప్రింట్ తీయించాను. గూడబాతు మెడ మీద ఉండే సన్నటి ఈకలు దువ్వెనతో దువ్వినట్టు వరసగా కనపడ్డాయి. ఏ గూడబాతుకీ అలా ఉండవు. కెమెరాలో పడని ఈకల్ని ఆ ప్రోగ్రాం ఊహించి గీసింది. ఇప్పుడు 25, 30 మధ్యే ఉంచుతాను, కొంచెం గ్రెయిన్ మిగిలినా బతికున్న పక్షిలా ఉంటుంది.

ఆల్బమ్ బాబాయ్ · సోమవారం, రాత్రి 11:10

అమ్మా, మీ ఈకల సంగతే మాకు జరీ దగ్గర, నల్లపూసల దగ్గర ఎదురవుతుంది. గట్టిగా డీనాయిజ్ కొడితే నల్లపూసలు కలిసిపోయి నల్ల తాడైపోతాయి. కంచిపట్టు చెంగు మీద మామిడి పిందెలన్నీ ముద్దవుతాయి. ఆ తల్లి చీరకి ఎంత పెట్టిందో మనకేం తెలుసు? కాబట్టి ముఖానికి ఒక మోతాదు, చీరకి ఒక మోతాదు, వెనకున్న చీకటికి ఇంకో మోతాదు. బద్ధకించకుండా మాస్క్ వెయ్యాలి.

ఇక రంగు దగ్గరికి వద్దాం. వైట్ బ్యాలెన్స్ డ్రాపర్‌తో పంచె మీద నొక్కేస్తే సరి అని అందరూ అనుకుంటారు. నొక్కే ముందు ఆ పంచె ఎలాంటిదో చూడాలి. నీలిమందు పెట్టి ఉతికిన పంచె కంటికి తెల్లగా ఉన్నా, నిజానికి నీలం వైపు ఉంటుంది. దాన్ని తెలుపని చెప్తే సాఫ్ట్‌వేర్ ఫోటో అంతటికీ పసుపు కలుపుతుంది, పెళ్లికూతురికి కామెర్లు వచ్చినట్టవుతుంది. కొత్త మధుపర్కాలకీ మిల్లులో తెలుపు మందు పెడతారు. అంచుకి పసుపు రాసి ఉంటే ఇంకో తంటా. నేను వెతికేది స్టీలు బిందె మీద పడిన నీడ, పురోహితుడి పుస్తకంలో అక్షరాలు లేని చోటు, పెద్దాయన నెరిసిన జుట్టు. రెండు మూడు చోట్ల నొక్కి చూసి, ఎక్కువ చోట్ల ఒకే నంబరు వస్తే దాన్ని నమ్ముతాను.

ఇంకోమాట. పందిట్లో పసుపన్నది లైటు తప్పే కానక్కర్లేదు. వచ్చిన కొత్తలో ఒక ఆల్బమ్‌కి పెళ్లికూతుర్ని చేసిన ఫోటోలు ఇచ్చారు. అన్నీ పసుపుగా ఉన్నాయని కష్టపడి రాత్రంతా కూర్చుని పసుపు లాగేశాను, పిల్ల పాలరాతి బొమ్మలా వచ్చింది. మర్నాడు తల్లి వచ్చి ఒక్క షీటు చూసి "మా పిల్లకి రాసిన పసుపు ఎవరు కడిగేశారు?" అంది. అన్నీ మళ్లీ చేశాను, రూపాయి తీసుకోకుండా.

చామనఛాయ పిల్లల్ని తెల్లగా చెయ్యమని అడిగేవాళ్లూ ఉన్నారు. ఎక్స్‌పోజర్ సరిచేస్తాను గానీ ఒంటి రంగు మార్చను. పోయేవాళ్లు వేరే షాపుకి పోతారు.

కోనసీమ కుర్రాడు · మంగళవారం, ఉదయం 6:50

బాబాయ్ గారూ, మీరు చెప్పినట్టు నెరిసిన జుట్టు మీద నొక్కాను, మా తాతయ్యది. దెబ్బకి దారికొచ్చింది! 3100 కెల్విన్ చూపిస్తోంది, టింట్ కొంచెం ఆకుపచ్చ వైపు వెళ్లింది. ముఖం మీద మచ్చలు కూడా సగం తగ్గినట్టు అనిపిస్తోంది, ఇంకా నాయిస్ స్లైడర్ ముట్టుకోలేదు. ఎందుకలా?

ఆల్బమ్ బాబాయ్ · మంగళవారం, ఉదయం 9:30

గులాబీ ఛాయ లాగేశావు కాబట్టి ఎరుపు, నీలం అతిగా పెరగడం ఆగింది. వాటితో పాటు వాటి చెత్తా తగ్గింది. వరస ముఖ్యం అన్నది అందుకే.

పాత ఫోటోల పెట్టె · మంగళవారం, ఉదయం 11:20

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మాది హనుమకొండ. అమ్మావాళ్ల పెళ్లి ఫోటో 1983ది, ఇనుప పెట్టెలో ఉండి మొత్తం ఎర్రబారింది. వైట్ బ్యాలెన్స్ నొక్కితే ముఖాలు సరవుతున్నాయి, నీడలు మాత్రం ఎర్రగానే ఉంటున్నాయి. ఇది కూడా ఇట్లనే చేసుడేనా?

టెక్సాస్ తెలుగోడు · మంగళవారం, మధ్యాహ్నం 12:05

మీది వేరే కథ అక్కా. అప్పటి కలర్ ప్రింట్లలో మూడు రంగు పొరలు ఉండేవి: సయాన్, మెజెంటా, పసుపు. పెట్టెలో చీకట్లో ఉన్నా వేడికీ తేమకీ ఆ రంగులు కరుగుతాయి. ఆ కాలం కాగితాల్లో చాలావాటికి ముందు పోయేది సయాన్. మిగతా రెండూ మిగిలి ఎర్రగా కనిపిస్తుంది. పైగా పోయింది అంతటా ఒకేలా పోదు కాబట్టి ఒక్క నొక్కుతో సరి కాదు.

48 బిట్ కలర్‌లో స్కాన్ చేసి టిఫ్‌గా దాచండి. స్కానర్‌లో ఉండే రంగు పునరుద్ధరణ బటన్ వద్దు. లెవెల్స్ తెరిచి ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఛానెళ్లని ఒక్కోటీ విడిగా చూడండి. ప్రతిదాంట్లో హిస్టోగ్రామ్ (చీకటి నుంచి వెలుగు దాకా ఎన్ని పిక్సెల్స్ ఉన్నాయో చూపే గ్రాఫ్) గుట్ట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో అక్కడికి రెండు కొసలనీ జరపండి. నీడల ఎరుపు అప్పుడే పోతుంది. ఆ తర్వాత మధ్య త్రిభుజంతో ముఖాలు చూసుకోండి.

పాత ఫోటోల పెట్టె · మంగళవారం, సాయంత్రం 4:48

చేసి చూశాను. నలభై ఏళ్ల తర్వాత అమ్మ చీర ఆకుపచ్చదని తెలిసింది. మేమంతా మెరూన్ అనుకుంటున్నాం! అమ్మని అడిగితే "ఆకుపచ్చదే, మీరెప్పుడు అడిగిండ్రు" అంటోంది.

సుత్తి వద్దు · మంగళవారం, సాయంత్రం 5:00

ఈ థ్రెడ్‌కి ఇదే హైలైట్.

కోనసీమ కుర్రాడు · బుధవారం, రాత్రి 10:30

నాలుగు ఫ్రేములూ పేర్చాను. చీర మీదా వెనకా నాయిస్ నిజంగానే సగమైంది. ముఖాలకి ఏఐ డీనాయిజ్ 30 పెట్టాను. నల్లపూసలు లెక్కపెట్టొచ్చు ఇప్పుడు.

మిగిలినవి రెండు. ఆ చారలు, ఆ ఊదా ఫోటోలు. ఊదా వాటికి వైట్ బ్యాలెన్స్ ఎంత లాగినా ముఖం బూడిద రంగుకి వస్తోంది గానీ మనిషి రంగుకి రావట్లేదు.

కొల్లేటి కొంగ · బుధవారం, రాత్రి 11:05

చారల సంగతి నేను చెప్తాను. మన కరెంటు 50 హెర్ట్జ్, లైట్లు సెకనుకి 100 సార్లు మిణుకుతాయి. నువ్వు 1/320 పెట్టావు. ఆ మిణుకులో ఒక ముక్కే నీకు దొరికింది. పైగా షట్టర్ పైనుంచి కిందికి జారుతూ చదువుతుంది కాబట్టి వెలుగూ చీకటీ చారలుగా పడ్డాయి. 1/100 గానీ 1/50 గానీ పెట్టుంటే ప్రతి వరసకీ పూర్తి మిణుకు పడేది. పల్లెటూరి పెళ్లి కాబట్టి జనరేటర్ ఉండే ఉంటుంది, అది కచ్చితంగా 50 దగ్గర నిలబడదు. అయినా 1/100 చాలావరకు కాపాడుతుంది. చవక రంగు లైట్లు డిమ్ చేసినప్పుడు ఇంకా వేగంగా మిణుకుతాయి, వాటికి తీసేటప్పుడు స్క్రీన్ మీద చూస్తూ షట్టర్ మార్చుకోవడమే దారి.

పడిన చారల్ని ఇప్పుడు పూర్తిగా తీయలేవు. చార మీద గ్రేడియంట్ మాస్క్ వేసి కాస్త ఎక్స్‌పోజర్ పెంచు, చారలో రంగు కూడా మారి ఉంటే టెంపరేచర్ కూడా. రెండు మూడు చారలకి ఓపిక ఉంటుంది, ఇరవై ఫోటోలకి ఉండదు.

టెక్సాస్ తెలుగోడు · గురువారం, ఉదయం 7:20

ఊదా గురించి. ట్యూబులైటు, బల్బు, ఎండ, వీటన్నిటిలో అన్ని రంగులూ ఎంతో కొంత ఉంటాయి, పాళ్లే వేరు. పాళ్లు సరిచేయడమే వైట్ బ్యాలెన్స్. పార్ లైటు ఊదాలో ఎర్ర ఎల్‌ఈడీ, నీలం ఎల్‌ఈడీ మాత్రమే వెలుగుతాయి. ఆకుపచ్చ అసలు లేదు. లేనిదాన్ని ఎన్ని రెట్లు పెంచినా సున్నాయే, నాయిస్ తప్ప రాదు. నువ్వు చూస్తున్న బూడిద రంగు అదే.

వీడియో లైటు కూడా కొంత ముఖం మీద పడిన ఫోటోలుంటే అవి దక్కుతాయి. డార్క్‌టేబుల్‌లో కలర్ క్యాలిబ్రేషన్ రెండుసార్లు వేసుకో: ఊదా పడిన వైపు ఒక మాస్క్, తెల్ల లైటు పడిన వైపు ఇంకోటి. ఊదా ఒక్కటే పడిన వాటిని బ్లాక్ అండ్ వైట్ చేసెయ్యి. తెరిచి ఛానెళ్లు చూడు, ఎరుపులో ముఖం శుభ్రంగా ఉండాలి. ఛానెల్ మిక్సర్‌లో ఎరుపు ఎక్కువ పెట్టు.

కోనసీమ కుర్రాడు · గురువారం, రాత్రి 9:40

ఎరుపు 100 పెట్టాను. చర్మం పాలమీగడలా వచ్చింది, ఒక్క గ్రెయిన్ లేదు! పన్నెండు ఫోటోలు ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశాను.

కోనసీమ కుర్రాడు · గురువారం, రాత్రి 10:25

కొంప మునిగింది. మా అమ్మమ్మ ఫోన్ చేసి ఒకటే కేకలు. "పెళ్లికూతురి బొట్టేదిరా?" అంటుంది. చూస్తే నిజంగానే లేదు! నుదురు ఖాళీ. కల్యాణ తిలకం కూడా లేదు. నేనేమీ చెరపలేదు, ఒట్టు.

ఆల్బమ్ బాబాయ్ · గురువారం, రాత్రి 10:40

నవ్వాపుకోలేక పోతున్నా, క్షమించు తమ్ముడూ. కుంకుమ ఎరుపు. ఎరుపు ఛానెల్‌లో ఎర్రని వస్తువు తెల్లగా కనిపిస్తుంది, చర్మమూ తెల్లగానే ఉంటుంది, రెండూ కలిసిపోయాయి. చర్మం మీద మచ్చలు మాయమవడానికి కారణమూ అదే, బొట్టు మాయమవడానికి కారణమూ అదే. గ్రూపులో ఉన్నవి ముందు తీసెయ్. పెద్దవాళ్లు అపశకునం అంటారు.

ఎరుపు 60కి దించి మిగతా 40 నీలానికి ఇవ్వు. నీలంలో కుంకుమ నల్లగా ఉంటుంది. గ్రెయిన్ మళ్లీ కొంచెం లేస్తుంది, లేవనీ. ఇంకా చాలకపోతే నుదుటి మీద చిన్న మాస్క్ వేసి అక్కడ నీలం పెంచు.

ప్రింట్ గురించి కూడా ఇప్పుడే చెప్తాను, మళ్లీ ఎప్పుడు కలుస్తావో. రెండు పేజీలూ కలిసిన 12×36 అంగుళాల షీటుకి 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) అంటే 10,800 పిక్సెల్ పొడవు. నీ కెమెరా ఇచ్చేది 6000. రెండు పేజీలకీ పరిస్తే సాగదీసినట్టే, నాయిస్ కూడా సాగుతుంది. మనిషి ఒక పేజీలో, మిగతాది డిజైన్‌లో వచ్చేలా 12×18కి ఒప్పించు, దానికి 5400 చాలు. ఎస్‌ఆర్‌జీబీ (మామూలు రంగు ప్రొఫైల్) జేపెగ్ ఇవ్వు, ల్యాబులో వేరే ప్రొఫైల్ చూడరు. నీ ల్యాప్‌టాప్ బ్రైట్‌నెస్ ఫుల్లుగా పెట్టుకుని కరెక్షన్ చేసి ఉంటే ప్రింట్ చీకటిగా వస్తుంది, సగానికి దించి మళ్లీ చూడు. షీటు వేయించే ముందు అదే ల్యాబులో ఒక 4×6 తీయించు, ఖర్చు ఏమంత కాదు. ఆ 4×6లో కనపడని గ్రెయిన్ గురించి నిద్ర మానుకోకు.

కోనసీమ కుర్రాడు · శుక్రవారం, రాత్రి 8:15

బొట్టు వచ్చింది. అమ్మమ్మ చల్లబడింది. 4×6 కూడా తీయించాను, ముఖాలు కొంచెం చీకటి, ఎక్స్‌పోజర్ అరస్టాపు (ఒక స్టాపంటే రెట్టింపు వెలుగు) పెంచి మళ్లీ ఇచ్చాను.

వచ్చే నెల ఇంకో పెళ్లి ఉంది, ముహూర్తం రాత్రి 11:52. ఈసారి తీసేటప్పుడే ఏం మార్చుకోవాలి? 50ఎంఎం 1.8 లెన్స్ స్నేహితుడి దగ్గర ఉంది.

కొల్లేటి కొంగ · శుక్రవారం, రాత్రి 9:00

లెక్క వేసి చూద్దాం. ముఖాలు చీకటిగా ఉన్నాయన్నావు కాబట్టి నీ ఫోటో 6400 దగ్గర కూడా రెండు స్టాపులు చీకటి అనుకుందాం. అంటే నిజానికి నీకు కావాల్సింది 25,600. ఆ లెన్స్‌ని పూర్తిగా తెరవకు, ఇద్దరి ముఖాలూ ఫోకస్‌లో ఉండాలి కాబట్టి ఎఫ్/2.8 పెట్టు. 5.6 కంటే నాలుగు రెట్ల వెలుగు. షట్టర్ 320 నుంచి 100కి దించు, 3.2 రెట్లు. రెండూ కలిపితే 12.8 రెట్లు. అదే పందిట్లో ఐఎస్ఓ 2000తో సరైన ఎక్స్‌పోజర్ వచ్చేది.

కెమెరా వెనక స్క్రీన్‌ని నమ్మకు. రాత్రి చీకట్లో అది టార్చిలైటులా వెలుగుతుంది, చీకటి ఫోటో కూడా బాగున్నట్టే ఉంటుంది. నువ్వు మోసపోయింది అక్కడే అనుకుంటాను. హిస్టోగ్రామ్ చూడు.

ఆల్బమ్ బాబాయ్ · శుక్రవారం, రాత్రి 9:30

అన్నిటికంటే ముందు, సాయంత్రమే డెకరేషన్ కుర్రాణ్ణి పట్టుకుని టీ తాగించు. ముహూర్తానికి పది నిమిషాల ముందు నుంచి తలంబ్రాలు అయ్యేదాకా ఆ పార్ లైట్లు ఆపేసి తెల్ల లైటు ఒక్కటే ఉంచమను. నా ఇరవై ఏళ్లలో ఇంతకంటే మంచి డీనాయిజ్ చూడలేదు.

సుత్తి వద్దు · శుక్రవారం, రాత్రి 9:34

ఫోన్లు ఎత్తే చుట్టాలకి కూడా టీ ఇప్పించాలా?

కోనసీమ కుర్రాడు · శుక్రవారం, రాత్రి 9:41

వాళ్లకి కాదు. ఆ ఇంటికి కూడా అరుగుందో లేదో రేపు వెళ్లి చూసొస్తాను.